జుబిలీ పార్కులో ఒక సాయంకాలం

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమ సమీపాన వెలసిన ఉక్కునగరం జంషెడ్‌పూర్. ఒకనాటి సాక్చి గ్రామానికి 1919లో జంషెట్జీ టాటా స్మారకంగా ఈ పేరు వచ్చింది. 1904లోనే కన్నుమూసిన ఆయన ఈ నగరాన్ని చూడలేదు. అయినా 1902లో కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, విశాలమైన వీథులకు, నీడనిచ్చే చెట్లకు, ఉద్యానాలకు, ఆటస్థలాలకు, వివిధ మతాల ప్రార్థనాలయాలకు చోటు విడువవలసిందని కోరారు. కొలిమి వద్ద శ్రమించే మనిషికి సాటి మనిషి సాంగత్యమూ అవసరమని ఆ దార్శనికుడు గ్రహించారు.

ఆ ఆకాంక్షకు ప్రతిరూపం 1958లో ప్రారంభమైన జుబిలీ పార్కు. సాయంవేళ గులాబీ తోట, జయంతి సరోవరం కనువిందు చేస్తాయి. కాని బల్లలపై ప్రక్కప్రక్కనే కూర్చున్న పలువురి చూపులు సెల్‌ఫోన్ తెరలపైనే నిలిచి ఉంటాయి. ఉపాధికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కలుసుకునే బిష్టుపూర్ రామమందిరానికీ ఆ తెర వెంటవస్తున్నది. దూరదేశాన ఉన్న బిడ్డను కన్నులకు చూపేదీ అదే. చెంతనున్న మిత్రుని మరుగుపరచేదీ అదే.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెల్లడించింది. అందుకు పేర్కొన్న కారణాలలో నలుగురూ కలిసే వసతులు చాలకపోవడం ఒకటి, డిజిటల్ సాధనాలు మరొకటి. మొదటి కొరతను తీర్చే బాటను ఆ లేఖ శతాబ్దం క్రితమే చూపింది. రెండవది మన చేతిలోనే ఉన్నది.

పారిశ్రామిక పట్టణాలలో నివసించే మనకు పార్కులు, క్లబ్బులు, మైదానాలు కొదువ కాదు. షిఫ్టు ముగిశాక ఒక గంట తెరను ప్రక్కనుంచి పొరుగువారిని పలకరిస్తే, ఆ స్థలాలు తిరిగి సార్థకమవుతాయి.