వినబడని కకారం

మా పెద్దక్కయ్య కొడుక్కి హీమోఫిలియా ఉండేది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదవ ఫ్యాక్టరు అనే మాంసకృత్తు వాడి ఒంట్లో తయారయ్యేది కాదు. మోకాలు వాచి, కుంటుతూ బడికి వచ్చేవాడు. పంతొమ్మిదో ఏట పోయాడు.

వాడి చెల్లెలికి పద్నాలుగేళ్ళప్పుడు పన్ను పీకిస్తే రెండు రోజులు రక్తం ఆగలేదు. ఇది మగపిల్లల జబ్బనీ, ఆడపిల్లలు మోస్తారే గాని వారికి రాదనీ వైద్యుడు అన్నాడు. నేనూ అదే మాట అక్కయ్యకు చెప్పి ధైర్యం చెప్పాననుకొన్నాను. నెలనెలా ఆ పిల్ల పడిన అవస్థను ఇంటిల్లిపాదీ సుకుమారం కింద జమకట్టాము. ముప్పై నాలుగో ఏట ఎవరో బుద్ధిమంతురాలైన వైద్యురాలు పరీక్ష చేయిస్తే, ఉండవలసిన ఫ్యాక్టరులో నూటికి పదిహేను పాళ్ళే ఉన్నదని తేలింది.

"మామయ్యా, ఆడవాళ్ళకు రాదన్నారు కదా మీరు?" అని ఫోనులో అడిగింది. నిష్ఠూరం లేకుండా అడిగింది. అందుకే నిద్ర పట్టలేదు.

నేను తెలుగు పండితుణ్ణి. జీవశాస్త్రం నా విషయం కాదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం నా బాధ్యత అనిపించింది.

స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషుడికి ఒకటి. ఎనిమిదవ ఫ్యాక్టరు జన్యువు ఉండేది ఈ ఎక్స్ మీదనే. రెండూ పనిచేస్తే స్త్రీ కణాల్లో మోతాదు ఎక్కువైపోతుంది గనుక పిండదశ తొలినాళ్ళలోనే ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ దాదాపుగా మూగబోతుందని మేరీ లయన్ అనే శాస్త్రవేత్త్రి 1961లో ప్రతిపాదించారు. ఏది మూగబోవాలన్నది ఆ కణంలో కాకతాళీయంగా తేలుతుంది. ఒకసారి తేలాక ఆ కణం సంతతి అంతా అదే దారి. సాధారణంగా లెక్క సగంసగంగా పడుతుంది. కొందరిలో మాత్రం మంచి ఎక్స్ ఎక్కువ కణాల్లో మూగబోయి, చెడ్డది మిగులుతుంది. మా పిల్ల విషయంలో అదే జరిగి ఉండవచ్చునని ఆ వైద్యురాలు చెప్పిందట.

మరి మూగబోయేలా చేసేది ఎవరు? 1991లో బయటపడిన ఎక్సిస్ట్ అనే ఆర్ఎన్ఏ. సుమారు పదిహేడు వేల అక్షరాల పొడవు. మామూలు సందేశవాహక ఆర్ఎన్ఏలా కణకేంద్రకం దాటి వెళ్ళి మాంసకృత్తుగా తర్జుమా కాదు. మూగబోవలసిన క్రోమోజోము మీదనే పుట్టి, దాన్నే ఆవరించి, జన్యువుల నోరు మూసే మాంసకృత్తులను అక్కడికి రప్పిస్తుంది. ఒక ముక్కా పలకదు, కాని ఒక క్రోమోజోమునంతటినీ పలకనివ్వదు.

ఇది చదివినప్పుడు నాకు క్త ప్రత్యయం గుర్తుకొచ్చింది. అందులోని కకారం ఏ పదంలోనూ వినబడదు. దాని పని ధాతువుకు గుణం రాకుండా ఆపడం. ఆ కకారం వల్లనే "జి" ధాతువు "జిత" అయింది, "జేత" కాలేదు. ముప్పైయేళ్ళు పిల్లలకు ఈ ఇత్తులను బోధించి, పలకని అక్షరానికి పని ఉండదా అని వాళ్ళను గద్దించినవాణ్ణి నేను.

మన జన్యుసంపుటిలోని సుమారు మూడు వందల కోట్ల అక్షరాలలో మాంసకృత్తులకు సంకేతమయ్యేవి నూటికి రెండు పాళ్ళకు మించవు. మిగిలినదానిలో చాలాభాగాన్ని చెత్త అనడం 1972 నుంచీ ఉన్నది. అదంతా అమూల్యమని ఇప్పుడు ఎగరడమూ తొందరపాటే. ఎక్సిస్టు వంటివి ఉన్నాయని మాత్రం తేలింది. ఇంకా చిన్నవి, ఇరవై రెండు అక్షరాల సూక్ష్మ ఆర్ఎన్ఏలు, సందేశం చేరినా అమలు కానివ్వవు. మొదటిదాన్ని 1993లో ఒక పురుగులో కనుగొన్నారు. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు నోబెల్ వచ్చింది 2024లో. పురుగుల ముచ్చట అనుకొని కొన్నాళ్ళు పక్కన పెట్టారట. మా ఇంట్లో సుకుమారం అన్నట్టే.

ఆ మూగవిద్యనే ఇప్పుడు మందుగానూ చేశారు. 2025 మార్చిలో అమెరికాలో ఫిటుసిరాన్ అనే చిన్న ఆర్ఎన్ఏ ఇంజెక్షనుకు హీమోఫిలియా కోసం అనుమతి లభించింది. అది లేని ఫ్యాక్టరును తెచ్చి ఇవ్వదు. రక్తం గడ్డకట్టడానికి అడ్డుపడే యాంటీత్రాంబిన్ తాలూకు సందేశాన్ని కాలేయంలో తునకలు చేయిస్తుంది. అడ్డును అడ్డగించడమన్నమాట. చర్మం కింద, మొదట రెండు నెలలకొకసారి. మా మేనల్లుడు ఉండి ఉంటే ఏమయ్యేదో అని లెక్కలు వేయడం మొదలుపెట్టి ఆపేశాను.

మేనకోడలికి అది అక్కర్లేదన్నారు. ఆపరేషను వంటిది ఏదైనా వస్తే ముందుగా ఫ్యాక్టరు సిద్ధం చేసుకొంటే చాలునట. ఇదంతా ఆమెకు ఫోనులో వివరించాను, కకారంతో సహా. చివరిదాకా వింది. "అయితే అప్పుడు మీకు తెలియదన్నమాట" అన్నది. తెలియదమ్మా, తెలిసినట్లు చెప్పాను అన్నాను.

మొన్న ఆమె కూతురికి పాలపన్ను కదిలింది. దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళేముందు రక్తం పరీక్షకిచ్చారు. ఫలితం శుక్రవారం వస్తుందట.