బురానో లేసు, నరసాపురం బేరం

యూరప్ ట్రిప్ అనగానే మన ఇళ్ళల్లో రెండు లిస్టులు తయారవుతాయి. ఒకటి చూడవలసినవి, రెండోది తేవలసినవి. రెండోదే ఎప్పుడూ పొడుగు. ఆఫీసులో వాళ్ళకి చాక్లెట్లు, ఇండియాలో బంధువులకి ఏవో బొమ్మలు, మన ఫ్రిజ్ తలుపుకి మాగ్నెట్లు. మా ఫ్రిజ్ మీద ఇప్పటికే పద్నాలుగు ఊళ్ళున్నాయి. తలుపు గట్టిగా వేస్తే ఏదో ఒక దేశం కింద పడుతుంది.

పోయిన వేసవి సెలవుల్లో న్యూజెర్సీ నుంచి మేం నలుగురం వెనిస్ వెళ్ళాం. ఆ ఊళ్ళో రియాల్టో వంతెన దగ్గర మొదలుపెట్టి సాన్ మార్కో చౌక్ దాకా నడిస్తే దారంతా కొట్లే. మొహాలకి పెట్టుకునే రంగురంగుల మాస్కులు, గాజు పూసలు, గొండోలా బొమ్మలు. "మొదటి రోజు ఏదీ కొనొద్దు, ధరలు మాత్రమే చూద్దాం" అని మా ఆవిడ ముందే హుకుం జారీ చేసింది. మీక్కూడా ఇదే చెబుతాను. రెండు సందులు లోపలికి వెళ్తే కాగితం గుజ్జుతో మాస్కులు అక్కడికక్కడే చేసి, ఎండబెట్టి, రంగులు వేసే చిన్న చిన్న దుకాణాలు కనిపిస్తాయి. అవి చూశాక వంతెన దగ్గరి ప్లాస్టిక్ మాస్కుల మీద మనసు పోదు. ఇంకో జాగ్రత్త. రోడ్డు మీద దుప్పటి పరిచి అమ్మే నకిలీ బ్రాండ్ల సంచులు కొంటే ఇటలీలో కొన్నవాళ్ళకే జరిమానా పడుతుంది.

గాజు సామాన్ల కోసం మురానో దీవికి వెళ్ళాలి. ఊళ్ళో అగ్నిప్రమాదాలు జరుగుతాయన్న భయంతో 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలుములన్నిటినీ ఆ దీవికి తరలించింది. ఒక కొలిమిలో పెద్దాయన ఎర్రగా కాగుతున్న గాజు ముద్దని పట్టకారుతో నాలుగు లాగులు లాగి, నిలబడ్డ గుర్రాన్ని చేసేశాడు. మా అబ్బాయి ఫోన్‌లో వీడియో ఆన్ చేసేలోపే గుర్రం తయారు! అక్కడ కొనేటప్పుడు 'వెత్రో ఆర్టిస్టికో మురానో' అన్న ముద్ర ఉందో లేదో చూసుకోండి. బయట దేశాల నుంచి దిగిన గాజు కూడా అదే వీధిలో అదే నవ్వుతో అమ్ముతారు. మనలాగా యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్ళు ఒకే షాపులో 70 యూరోలు దాటి కొంటే టాక్స్ కొంత వెనక్కి వస్తుంది. 2024కి ముందు ఆ హద్దు 155 యూరోలు ఉండేది. కాగితాలు షాపులోనే అడిగి తీసుకోండి.

మురానో నుంచి అదే 12వ నంబరు పడవలో ఇంకా ముందుకు పోతే బురానో వస్తుంది. ఒక ఇల్లు నీలం, పక్కిల్లు గులాబీ, దాని పక్కది పచ్చ. అందరూ ఫోటోల కోసం వెళ్తారు. నేను మాత్రం లేసు కోసం వెళ్ళాను, దానికో కారణం ఉంది.

మా అమ్మమ్మగారి ఊరు నరసాపురం దగ్గర. అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రతి అరుగు మీదా నలుగురైదుగురు ఆడవాళ్ళు కొక్కెం సూదితో లేసు అల్లుతూ ఉండేవారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, అల్లినది పట్టుకుపోయేవాడు. 1840లలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పిన పని అది. తరవాత అదే లేసు అక్కణ్ణుంచి యూరప్‌కి ఎగుమతి అయింది. దీని మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకమే రాశారు. రోజంతా అల్లే ఈ ఆడవాళ్ళని అందరూ 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు' కింద లెక్కకట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ వాదన. అది చదివినప్పుడు నాకు మా పిన్ని గుర్తొచ్చింది. పిన్ని ఇప్పటికీ అల్లుతుంది.

బురానోది వేరే పని. కాగితం మీద గీసిన ముగ్గు వెంబడి మామూలు సూదీ దారంతోనే కుడతారు. అయ్యాక అడుగు కుట్లు కత్తిరిస్తే లేసు విడిగా చేతికొస్తుంది. 1872లో చలికి చేపలవేట ఆగిపోయి జనం పస్తులుంటే, ఈ పని ఇంకా గుర్తున్న ఒక ముసలావిడ చేత నేర్పించి బడి పెట్టారు. ఆ బడి 1970లో మూతపడింది, ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. అందులో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ కుడుతూ కూచుంది. మా అమ్మాయి పావుగంట నిలబడి చూసింది. ఆ పావుగంటలో గోరంత కూడా పూర్తికాలేదు.

బయట షాపులో అరచేతిలో పట్టేంత ముక్క నూట నలభై యూరోలు. పక్క షాపులో మిషన్ మీద చేసిన టేబుల్ క్లాత్ పన్నెండు! మా ఆవిడ అలవాటుగా "లాస్ట్ ప్రైస్ ఎంత?" అని అడిగింది. షాపావిడ నవ్వి, ఆ ముక్కకి ఎన్ని రోజులు పట్టిందో చెప్పింది. మా ఆవిడ ఇంకేం మాట్లాడకుండా కార్డు తీసింది. ఆ ట్రిప్‌లో మేం బేరమాడకుండా కొన్నది అదొక్కటే.

ఆ రాత్రి హోటల్ నుంచి పిన్నికి వీడియో కాల్ చేశాం. "వెనక్కి తిప్పి చూపించు" అంది. కళ్ళు చికిలించి చూసి, "ఇది మన అల్లిక కాదురా, సూది పని. ముడి ఎక్కడా కనపడలేదు, గట్టిదే ఆవిడ" అని మెచ్చుకుంది. ధర రూపాయల్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఆవిడ చేతికే ఇస్తారా అదంతా?" అంది.

నేను జవాబు వెతుక్కుంటుంటే మా అమ్మాయి ఫోన్ లాక్కుని, "చిన్న నానమ్మా, నాకు ఇంతదే నువ్వు అల్లి పెట్టు, ఎంతో చెప్పు" అంది. "నీకు డబ్బులకి అల్లుతానటే!" అంది పిన్ని. ఇది ఒప్పుకోదు, ఆవిడ చెప్పదు. గంటకి ఇంత, ఇన్ని గంటలు అని అమ్మాయి కాగితం మీద లెక్క వేసి వాట్సాప్‌లో పంపింది. పిన్ని అందులో సగానికి కొట్టేసి తిప్పి పంపింది. కొనేవాళ్ళు పెంచుతుంటే అమ్మేవాళ్ళు తగ్గించే బేరం నేనెక్కడా చూడలేదు. ఇంకా తేలలేదు. దారం మాత్రం కొనేసిందట.