మధ్యలో వచ్చినవాడు

2019 మే నెలలో కంపెనీ నన్ను యాంగోన్ పంపింది. ప్రాజెక్టు అప్పటికే సగంలో ఉంది. నాకిచ్చిన కుర్చీ అంతకుముందు వారం దాకా ఒక బర్మా కుర్రాడిది. అతని టీ కప్పు ఇంకా సొరుగులోనే ఉంది.

నెలాఖరున మెల్‌బోర్న్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ళ ఫుట్‌బాల్ లీగులో సీజన్ మధ్యలో ఆటగాళ్ళని ఎంచుకునే పద్ధతి 1993 తర్వాత మళ్ళీ మొదలైందట. గాయపడ్డవాళ్ళ ఖాళీల్లో కొత్తవాళ్ళని తీసుకుంటారట. రిచ్‌మండ్ క్లబ్బు మార్లియన్ పికెట్ అనే ఇరవై ఏడేళ్ళవాణ్ణి తీసుకుంది.

"నీలాగే అన్నయ్యా, లేటుగా పిలుపొచ్చింది!" అని నవ్వాడు.

ఆదివారం రేవు దగ్గర ఒక తెలుగు పెద్దాయన కలిశారు. వాళ్ళ తాత ఇక్కడ కూలీ.

"1930 మేలో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేశారు బాబూ. వాళ్ళ చోట బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నారు. 26న కొట్లాట మొదలైంది. వందమందికి పైగా పోయారు."

మర్నాడు ఆ కుర్రాడి ఫోన్ నంబరు అడిగాను. ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరులో పికెట్ తన మొదటి మ్యాచే ఫైనల్ ఆడి గెలిచాడు. తమ్ముడు మళ్ళీ ఫోన్ చేసి సంబరపడ్డాడు. నేనూ సంతోషించాను.

కప్పు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో ఎప్పుడూ టీ తాగలేదు.