తాళం వేసిన మిద్దె

బెంగుళూరులో స్థిరపడ్డ మిత్రుడు ఫోన్ చేసి, "పుత్తూరులో మా తాత మిద్దె బాగుచేయిస్తున్నాంరా, ఒకసారి చూసిరా" అన్నాడు. తాళంచెవుల గుత్తితో వాళ్ళ చిన్నాయన వచ్చి ఇల్లంతా చూపిస్తానన్నాడు గానీ, నేను పైకప్పు దగ్గరే ఆగిపోయాను. అక్కడొక ముసలి బేల్దారి మేస్త్రి గొంతుకూర్చుని గచ్చు గీకుతున్నాడు.

ఇది మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలబెట్టి పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టేవాళ్ళు. మేస్త్రి వేళ్ళు గచ్చును తట్టుకుంటూ పోయి, గుల్లగా మోగిన చోట ఆగాయి. గీకితే సిమెంటు. ఇల్లు కారుతోందని ఎవరో పూసిపోయారు. సున్నం తడిని పీల్చి మళ్ళీ వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బిగబట్టింది. కింద దూలం కొస పుచ్చిపోయింది.

"వాన చేసింది కొంచెమే సామీ. తూములో రావిమొక్క మొలిచుండాది. మనిషుంటే మొలకప్పుడే పెరికేసుండడా?" అన్నాడు. కొడుకు తిరుపతిలో సెంట్రింగు పనికి పోతున్నాడట. సున్నం పని నేర్చుకుంటానని వచ్చినవాడు ఒక్కడూ లేడట.

మరి ఇన్నేళ్ళూ అద్దెకెందుకు ఇవ్వలేదు? "పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుంది గదా" అన్నాడు చిన్నాయన. ఈ మాట ఎక్కడ విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. 1963 లిమిటేషన్ చట్టంలోని ఆ 12 ఏళ్ళు, యజమాని హక్కును కాదని ఇల్లు తనదేనంటూ బాహాటంగా అనుభవించేవాడి సంగతి. అగ్రిమెంటు రాసుకుని అద్దె కడుతున్నవాడు యజమాని అనుమతితో ఉన్నవాడు, వాడికి అది వర్తించదు. కాసేపటికి అసలు సంగతి బయటికొచ్చింది: వారసులు అయిదుగురు, మొన్నటిదాకా ఒకరి సంతకం పడలేదు.

ఎముకల కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం దిగే ఊరిది. మరమగ్గాల ఊరు కూడా. ఉండటానికి మనుషులు దొరక్క కాదు ఈ మిద్దె పాడుబడింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఖాళీ ఇళ్ళు దాదాపు 2.47 కోట్లు. ఇంగ్లండులో సామాన్లు కూడా లేకుండా ఏడాది ఖాళీగా ఉంచిన ఇంటికి, 2024 ఏప్రిల్ నుంచి స్థానిక సంస్థలు రెట్టింపు పన్ను వేయవచ్చు. మన దగ్గర అలాంటి పన్ను వేస్తే ముందు గగ్గోలు పెట్టేది మా మిత్రుడే. అయినా వేయాలనే అంటాను.

ఊళ్ళో తాళం వేసిన ఇల్లున్నవాళ్ళు అక్టోబరు వానలకు ముందే ఎవరినైనా పంపి తూములు చూపించండి. సిమెంటు పూయించకండి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకచోట కూర్చుని సంతకాలు తేల్చుకోండి. 11 నెలల అగ్రిమెంటు రాయించి మనుషుల్ని దించండి, అద్దె తక్కువొచ్చినా సరే.