కొలత ఎవరి చేతిలో ఉంది?

ఎండాకాలం మొదట్లో మా గూడెం తెల్లవారకముందే లేస్తుంది. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. ఎండెక్కకముందే ఏరుకోవాలి. ఆ పువ్వును ఎండబెట్టి దాచుకుంటాం, ఉడికించి తింటాం, సంతలో అమ్ముకుంటాం. గింజ నుంచి నూనె తీస్తాం. అదే పువ్వుతో సారా కూడా కాస్తారు. బయటివాళ్ళకు మాత్రం ఆ చివరిదొక్కటే గుర్తుంటుంది.

నిరుడు హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవుకు వచ్చాడు. వస్తూ ఒక బోర్బన్ సీసా తెచ్చాడు. ఫోనులో చూసి నేర్చుకున్నానంటూ మా అరుగుమీదే కలపడం మొదలుపెట్టాడు. గ్లాసులో ఒక చక్కెర బిళ్ళ వేసి, దానిమీద బిట్టర్స్ అనే చేదు ద్రావకం రెండు మూడు చుక్కలు, కాసిని నీళ్ళు వేసి నూరాడు. చిన్న కొలగిన్నెతో 45 మిల్లీలీటర్ల బోర్బన్ పోశాడు. ఐసుముక్క వేసి నెమ్మదిగా తిప్పాడు. నారింజ తొక్క పిండాడు.

"చూడు మామా, మందు ఘాటును తీపి తగ్గిస్తుంది. తీపి మొహం మొత్తకుండా చేదు ఆపుతుంది. ఐసు కరిగిన నీళ్ళు అన్నిటినీ కలుపుతాయి. ఏది ఎక్కువైనా చెడిపోతుంది. అంతా బ్యాలెన్సే" అన్నాడు.

పక్కనే కూర్చున్న అవ్వ నవ్వింది. "మన ఇప్పసారాకు లెక్క లేదనుకున్నావా?" అంది.

"అది నాటుసారా అవ్వా. ఇది వేరు" అన్నాడు వాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. అందుకే బోర్బన్ పుట్టుక గురించి వాడికి చెప్పాం. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ కాచే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. ఆ మొక్కజొన్నను వేల ఏళ్ళ కిందట ఇప్పటి మెక్సికో ప్రాంతంలో ఒక అడవిగడ్డి నుంచి పంటగా తీర్చింది అక్కడి ఆదివాసులే. తర్వాత వచ్చినవాళ్ళు ఆ పంటతో సారా కాచి, కాల్చిన ఓక్ పీపాల్లో ఉంచి, ప్రపంచమంతా అమ్ముకున్నారు. అదే దేశంలో 1834లో చేసిన ఒక చట్టం ఆదివాసుల నేలలో సారాబట్టీ పెట్టకూడదంది. దాన్ని ఎత్తేసింది 2018లో. పంట వాళ్ళది, పేరు ఇంకొకరిది, నేరం మళ్ళీ వాళ్ళదే. మనకు ఇది కొత్త కథ కాదు. మా తాతల కాలంలో ఖాకీబట్టల వాళ్ళు వచ్చి కుండలు పగలగొట్టిన ఇళ్ళు మా గూడెంలోనే ఉన్నాయి.

అవ్వ చెప్పిన లెక్క ఇది. మొదటి చుక్కలు పెద్దలకు, నేలమీద. తర్వాత ఆకుదొప్పలో వయసును బట్టి. పండగకు, పెళ్ళికి, చావుకు, కొత్తల పూజకు. పని ఉన్న రోజున లేదు. ఎవరైనా మితిమీరితే కులపెద్దలు పిలిచి అడుగుతారు. వాడి గ్లాసులో తీపి, చేదు, నీళ్ళు చేసిన పనిని ఇక్కడ పండగ, పెద్దలు, పదిమంది చేసేవారు.

అలాగని పాతదంతా బంగారమని మేము అనడం లేదు. తాగుడు వల్ల అప్పుడూ ఇళ్ళు చెడ్డాయి. కానీ ఇప్పుడు కొలత పూర్తిగా పోయింది. దారిపక్కన బెల్టుషాపులో సీసా పొద్దున్నుంచి రాత్రిదాకా దొరుకుతుంది. కూలిడబ్బు అక్కడే దిగిపోతుంది. రాత్రి ఇంట్లో గొడవై నిద్రలేక, సోమవారం బడిలో బల్లమీద తల పెట్టి పడుకునే పిల్లల్ని మేము లేపుతుంటాం. ఆ పిల్లలకు బోర్బనూ ఒకటే, ఇప్పసారా కూడా ఒకటే.

అందుకే యువతకు, తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం గ్రామసభకు ఉండాలని చెప్పింది. 2011లో ఉమ్మడి రాష్ట్రం దానికి నియమాలు కూడా చేసింది. మన గ్రామసభల్లో రోడ్డు గురించి, బోరు గురించి మాట్లాడతాం. ఈ అధికారం గురించి ఎంతమందిమి నోరు విప్పాం?

మేనల్లుడు మళ్ళీ పట్నం వెళ్ళాడు. ఇప్పుడు ఫోను చేసినప్పుడు "నాటు" అనడం లేదు, "ఇప్ప" అంటున్నాడు. అది చిన్న మార్పే. వాడు, వాడి వయసు పిల్లలు వచ్చే గ్రామసభకు వచ్చి అవ్వల పక్కన కూర్చుని, బెల్టుషాపు ఉండాలో వద్దో చెయ్యెత్తి చెప్పి, ఆ తీర్మానాన్ని పుస్తకంలో రాయించాలి. కొలత మళ్ళీ మన చేతికి రావాలంటే పని అక్కడ మొదలవ్వాలి.