ఎలపట గిత్త

ఒక రాత్రి హాస్టల్లో మా రూమ్మేట్ ఫోన్లో కుక్కల పోటీ వీడియో ఒకటి చూపించాడు. ఆ ఆట పేరు అజిలిటీ. 1978లో ఇంగ్లండులో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శనలో మొదలైందట. కుక్క అడ్డకర్రల మీంచి దూకాలి, గొట్టంలో దూరి బయటికి రావాలి, వరసగా పాతిన కడ్డీల మధ్య వంకర్లు తిరుగుతూ పరిగెత్తాలి. యజమాని పక్కనే ఉరుకుతూ నోటితో, చేత్తో దారి చూపాలి తప్ప దాన్ని ముట్టుకోకూడదు. ఆ వీడియోలో కుక్క మహా హుషారుది. యజమాని చెప్పేలోపే తనకు నచ్చిన అడ్డకర్ర దూకేసి పోటీలోంచి ఔటయింది. రూమంతా నవ్వారు. నాకు మాత్రం మా బుల్లోడు గుర్తొచ్చాడు.

బుల్లోడు మా ఎలపట గిత్త. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కాడికి కుడివైపు కట్టేది ఎలపట, ఎడమవైపు కట్టేది దాపట. దాపట గిత్త పేరు పెద్దోడు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఇంకా పాలపళ్లు రాలలేదు. పెద్దోడికి ఆ పేరు వయసును బట్టి కాదు, నిదానాన్ని బట్టి వచ్చింది. ఉలవల గంప దించితే బుల్లోడు మూతితో గంపనే ఎగరేస్తాడు. పెద్దోడు అవి కింద పడ్డాక ఏరుకుని తింటాడు.

మాది హనుమంతునిపాడు మండలం. వానలు అంతంత మాత్రం. సేద్యానికి ట్రాక్టరు వచ్చేసింది కాబట్టి ఎద్దులతో పనేముంది అని మీరు అడగొచ్చు. మా అమ్మ కూడా అదే అడుగుతుంది. కానీ తిరునాళ్ల వచ్చిందంటే బండలాగుడు ఉండాల్సిందే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని నోట్లో పళ్లు చూసి విభాగాలు చేస్తారు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. లెక్క అంగుళాల దాకా పోతుంది. ఈ ఒంగోలు జాతే సముద్రాలు దాటి బ్రెజిల్లో నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అయింది. అక్కడ దాన్ని మాంసం కోసం పెంచుతారు. ఈ మాట చెప్తే మా నాయన ఒక పూట అన్నం తినలేదు.

అంతకుముందున్న జతను నాయన నేను ఇంజినీరింగులో చేరిన నెలలోనే అమ్మేశాడు. ఎందుకని ఎవరూ నాతో అనలేదు. నేనూ అడగలేదు. ఈ గిత్తలు ఆ తర్వాత వచ్చినవి.

పోటీ శనివారం కనిగిరి వైపు ఒక ఊళ్లో. అంతకు వారం ముందు నాయనకు మోకాలు బెణికింది. పగ్గాలు పెద్దనాయన పట్టుకుంటానన్నాడు. బుల్లోడి పక్కన ఉరకడానికి మనిషి కావాలి. “వాడు నీ మాటే వింటాడు, రా అబ్బయ్యా” అని నాయన ఫోన్ చేశాడు. వాడు ఎవరి మాటా వినడు. ఆ సంగతి నాయనకు నాకంటే బాగా తెలుసు. శుక్రవారం ల్యాబు ఎగ్గొట్టి బస్సెక్కాను.

ఏడు జతలు. చీటీలో మాకు నాలుగో వంతు వచ్చింది. బాట పొడవు 300 అడుగులు, సమయం 10 నిమిషాలు. మైకులో మా ఊరి పేరు వినగానే నా కాళ్లు వణికాయి. బుల్లోడు అప్పటికే మట్టి తవ్వుతున్నాడు. విజిల్ మోగీ మోగకముందే ముందుకు దూకాడు. పెద్దోడు ఇంకా మెడ వంచనే లేదు. కాడి ఏటవాలుగా లేచింది. గొలుసు బిగిసింది కానీ బండ కదల్లేదు, ఉన్నచోటే కాస్త మెలి తిరిగింది. జనం ఈలలు.

కదిలే వస్తువును లాగడం కంటే ఆగి ఉన్నదాన్ని కదిలించడానికి ఎక్కువ బలం కావాలని ఫస్టియర్లో రాశాం కదా, ఘర్షణ పాఠంలో. ఆ పాఠంలో బలాన్ని ఒకే బాణం గుర్తుతో వేశాం. ఇక్కడ బాణాలు రెండు. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే రెండూ దండగే. ఇది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. అప్పుడు మాత్రం నేను చేసింది ఒక్కటే, “బుల్లోడా, లాగరా” అని గొంతు చించుకోవడం. నేను అరిచేకొద్దీ వాడు ఇంకా ఎగిరాడు. చేతిలో చర్నాకోల ఉంది. వాడి వీపు మీద ఒక్కటి వేశాను. నా జీవితంలో వాణ్ని కొట్టింది అదే మొదలు. వాడు తల తిప్పి నావైపు చూశాడు.

ఎద్దుల పందేలు హింస అంటూ 2014లో సుప్రీంకోర్టు ఆపింది. 2023లో అదే కోర్టు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలను సమర్థించింది. హాస్టల్లో దీని మీద వాదన వస్తే నేను మా సంప్రదాయం అని గట్టిగా మాట్లాడేవాణ్ని. ఆ చూపు తర్వాత అంత గట్టిగా మాట్లాడలేకపోతున్నా.

“ఒరేయ్, వాణ్ని వదిలెయ్. వీణ్ని లేపు!” బయటినుంచి నాయన కేక. చర్నాకోల కింద పడేసి దాపట వైపు ఉరికాను. పెద్దోడి మెడ కింద చెయ్యి వేసి గంగడోలు నిమురుతూ వాడి చెవిలో “హో... హో...” అన్నాను. బుల్లోడి పక్కన అరిచేవాళ్లెవరూ లేకపోయేసరికి వాడు ఒక్క క్షణం ఆగాడు. అదే సమయానికి పెద్దోడు మెడ వంచాడు. బండ కదిలింది.

తర్వాత సాఫీగా పోయిందని చెప్పను. రెండుచోట్ల మళ్లీ ఆగాం. కానీ మలుపుల దగ్గర మాత్రం బుల్లోడి దూకుడే కలిసొచ్చింది. ఎడమకు తిరిగేటప్పుడు ఎలపట గిత్తే పెద్ద చుట్టు తిరగాలి. అక్కడ వాడు గాలిలా తిరిగాడు, పెద్దోడు గుంజలా నిలబడ్డాడు. చివరి విజిల్ మోగేసరికి ఎనిమిది బాటలు దాటి తొమ్మిదో బాటలో ఉన్నాం. మైకులో చెప్పారు: 2,412 అడుగుల 6 అంగుళాలు. ఐదో స్థానం. నాలుగో జతకూ మాకూ తేడా 40 అడుగులు. మొదట్లో పోయిన నిమిషమే లేకపోతే అని పెద్దనాయన దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. ఆ నిమిషం ఎవరివల్ల పోయిందో ఆయన అనలేదు.

గిత్తలకు నీళ్లు పెడుతుంటే ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. బుల్లోడి నోరు తెరిచి పళ్లు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు. “నా దగ్గర దీనికి సరిపోయే దాపటది ఉంది. ఇదొక్కటి ఇస్తావా?” అన్నాడు. చెప్పిన రేటు నా సెమిస్టరు ఫీజు, హాస్టలు ఫీజు కలిపినా ఇంకా మిగిలేంత.

నాయన పెద్దోడి వైపు చూశాడు. వాడు తాపీగా నీళ్లు తాగుతున్నాడు.

“జతగా అయితే ఆలోచిస్తా.”

“ఆ మొద్దుది నాకెందుకు?”

“అయితే రేపు చెప్తాలే” అన్నాడు నాయన. ఆయన నంబరు మాత్రం నా ఫోన్లోనే ఎక్కించాడు. తనకు ఎక్కించడం రాదు.

ఆదివారం సాయంత్రం బస్సెక్కేటప్పుడు బుల్లోడి వీపు తడిమి చూశాను. వాపు లేదు. వాడు మామూలుగానే నా చొక్కా అంచు నమిలాడు. ఫీజు గడువు ఈ నెలాఖరు. ఆ నంబరు ఇంకా నా ఫోన్లోనే ఉంది. రోజూ రాత్రి నాయన ఫోన్ చేస్తాడు. మెస్సులో ఏం పెట్టారు, చదువు ఎట్లా ఉందని అడుగుతాడు. ఆ నంబరు సంగతి ఆయన అడగడు, నేను ఎత్తను. నిన్న మాత్రం పెట్టేసేముందు అన్నాడు, “ఉలవలు అయిపోయినాయిరా. రేపు కనిగిరి పోయి ఒక బస్తా తేవాల.”