కౌలు నేలలో ముప్పదినాలుగు దినములు

సేంద్రియ వ్యవసాయమను మాట నేడు పట్టణపు టంగళ్లలో పొట్లములమీదను, గోడల ప్రకటనలమీదను గూడ గానవచ్చుచున్నది. ఆ పొట్లములోని గింజ యే నేలనుండి వచ్చినదో, ఆ నేల యెవరిదో, దానిని బాగుచేసినవారికి దానిపై నెంత హక్కు గలదో ఆ ప్రకటనలయందు వ్రాయబడి యుండదు. 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో, మే 6వ తేదీ మొదలు జూన్ 8వ తేదీ వరకు, మేము అట్టి యొక చిన్న క్షేత్రమున నివసించి, పనిచేసి, వారు పెట్టిన యన్నము తిని వచ్చితిమి. మేము నలుగురము, తొమ్మిదవ తరగతి పరీక్షలు ముగించినవారము. మా ప్రకృతిశాస్త్రోపాధ్యాయులవారికి ఆ రైతుగారితో పరిచయ ముండుటచే మాకీ యవకాశము లభించెను.

కూలి పుచ్చుకొనక, కూడును నీడయు మాత్రము పొంది సేంద్రియ క్షేత్రములలో పనిచేయు ఏర్పాటు ఇంగ్లండులో 1971వ సంవత్సరమున మొదలైనది. లండనులో కార్యదర్శినిగా ఉద్యోగము చేయుచుండిన స్యూ కోపర్డ్ అను నామె, పట్టణవాసులు వారాంతములందు పల్లెకు పోయి పనిచేయుటకు వీలు కల్పింపదలచి, ససెక్సు మండలమందలి ఎమర్సన్ కళాశాల క్షేత్రమునకు తొలిసారి కొలదిమందిని కొనిపోయెను. నేడది అనేక దేశములకు వ్యాపించినది. ఈ కథ వినినంతనే మాలో నొకని నాయనమ్మగారు, "దీనికి ఇంగ్లండు దాకా పోవాలా? మా చిన్నప్పుడు నాట్లకి ఒకళ్ల మడిలోకి ఒకళ్లం పోలేదా?" అనిరి. ఆమె మాటయు నిజమే. కాని మన పల్లెలలో నది తిరిగి తీర్చవలసిన ఋణము. మా పనికి బదులుగా ఆ రైతుగారు మా యింట నాటవలసినదేమియు లేదు.

ఆ క్షేత్రము ఏలూరు జిల్లాలో జంగారెడ్డిగూడెమునకు కొలది క్రోసుల దూరమున మెట్టభూమిలో నున్నది. ఎఱ్ఱని ఇసుకపాటి నేల, కాలువనీటి నెరుగదు. చుట్టును పొగాకు, మొక్కజొన్న, ఆయిల్ పామ్, మామిడి, జీడిమామిడి. దారి వెంబడి పొగాకును వేడిచే పదునుచేయు బ్యారనులు కానవచ్చును. రైతుగారికి సొంతమైనది అర ఎకరము మాత్రమే. అందు పెంకుటిల్లును, పశులపాకయు, నాలుగు మునగచెట్లును గలవు. వారు సాగుచేయునది దాని నానుకొనియున్న మూడెకరములు. అది కౌలు. అందలి బోరు సైతము భూమి యజమానునిదే. మూడేండ్ల క్రిందట వారు పట్టినప్పుడా నేల పొగాకు వేసి వేసి గట్టిపడి యుండెనట.

రైతుగారిని బాబాయిగారనియు, ఆయన యిల్లాలిని పిన్నిగారనియు, ఆయన తల్లిని మామ్మగారనియు పిలిచితిమి. మొదటి దినమున మమ్ము జూచి మామ్మగారు, "ఈ పిల్లలు పని చేస్తారా, పని పెడతారా?" అని కుమారు నడిగిరి. అడుగుటలో తప్పులేదు. నలుగురు మగపిల్లలకు మూడు పూటలు వండిపెట్టుట పిన్నిగారికి చేనిపనికంటె తక్కువ పని కాదు. అందుచే గిన్నెలు తోముటయు, నీరు తోడుటయు మేమే యొప్పుకొంటిమి.

తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి పశులపాక నూడ్చి, పేడ నొకచోటికి చేర్చి, తొట్టిలో చేరిన గోమూత్రమును డబ్బాలలోనికి తోడవలెను. పిదప బెండకాయలు కోయుట. అది సులభమని తలచువారు ఒక్క సాలు కోసి చూడవలెను. దాని నూగు చేతులకును మెడకును దురద పుట్టించును. పొడుగు చేతుల చొక్కాలు తొడిగి, వ్రేళ్లకు గుడ్డలు చుట్టుకొని కోసితిమి. ఏడు గంటలకు గంపలు ఆటోలో సంతకు పోవలెను గనుక నెమ్మదిగా కోయుటకు వీలులేదు. ఎనిమిదింటికి చద్దియన్నము, మజ్జిగ, ఉల్లిపాయ, ఆ యేటి కొత్త ఆవకాయ. ఆ చద్దియన్నమును గూర్చి వేఱుగ నొక వ్యాసము వ్రాయవచ్చును గాని సంపాదకులవారు మాకిచ్చిన పుటలు కొలదియే.

బాబాయిగారు రసాయనపు టెరువులు వేయరు. దానికి మారుగా జీవామృతము. 200 లీటర్ల డ్రమ్ములో నీరు పోసి, 10 కిలోల నాటు ఆవుపేడ, 10 లీటర్ల గోమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల శనగపిండి, గట్టుమీది మట్టి గుప్పెడు వేసి, నీడలో గోనెపట్టా కప్పియుంచి, ఉదయమును సాయంకాలమును కఱ్ఱతో త్రిప్పవలెను. 48 గంటలకు అది ఒక ఎకరమునకు సరిపడు ద్రవమగును. మొదటి దినమున దాని వాసన మమ్ము పాకనుండి తరిమినది. రెండవ వారమునకు అందలి పులిసిన బెల్లపు వాసన మాత్రమే మా ముక్కులకు తెలిసినది. ఈ పద్ధతిని మహారాష్ట్రీయులగు సుభాష్ పాలేకరుగారు ప్రచారము చేసిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా గ్రామములలో వ్యాపింపజేయుచు వచ్చినది. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీవారు దీనికి తగిన శాస్త్రీయ నిరూపణము లేదని యాక్షేపించిరి. మేము శాస్త్రమున ఇంకను ఓనమాలు దిద్దుచున్నవారము గనుక ఆ వాదమున తీర్పు చెప్పజాలము. డ్రమ్ములోని మందొక్కటే నేలను మార్చినదని బాబాయిగారును చెప్పలేదు. ఆయన ఆకు అలములను కాల్చనీయరు. మడి నొక్క మాసమైనను వట్టిగా నుంచరు. బెండ సాళ్ల నడుమ బంతియు, చేని చుట్టును ఆముదమును వేసి పురుగును వానిపైకి మరల్చుదురు.

సర్ ఆల్బర్టు హోవార్డు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వరకు ఇండోరులోని పరిశోధనాలయమున పనిచేసి, చెత్తను పేడను పొరలుపొరలుగా పేర్చి మాగబెట్టు పద్ధతిని రూపొందించెననియు, ఈ దేశపు రైతులను, పంటలపైవచ్చు పురుగులను తన యాచార్యులుగా చెప్పుకొనెననియు మా యుపాధ్యాయులు మాకు చెప్పియుండిరి. ఆ సంగతి బాబాయిగారికి విన్నవించితిమి. ఆయన పార ఆపకయే, "మంచాయనే" అనిరి.

మా యుపాధ్యాయులవారు మాకొక పని అప్పగించి పంపిరి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల గోతులు త్రవ్వి వానపాములను లెక్కింపవలెను. మే నెల ఆరంభమున అకాలవర్షములు కురిసి, ఆరబోసిన మొక్కజొన్న తడిసి, ఆ ప్రాంతపు రైతులు మిక్కిలి నష్టపడిరి. మా లెక్కకు మాత్రము ఆ తడి యనుకూలించెను. బాబాయిగారి చేనిలో త్రవ్విన మూడు గోతులలో 14, 19, 11 వానపాములు; పొరుగువారి యనుమతి పొంది గట్టుకావల త్రవ్విన మూటిలో 2, సున్న, 1. ఆరు గోతుల లెక్క ఋజువు కాజాలదని మా యుపాధ్యాయులు తరువాత సెలవిచ్చిరి. అయినను మేము చేతబట్టి నలిపిన మట్టి రెండుచోట్లను ఒకటి కాదు. ఒకటి గుల్లగా నలిగి వ్రేళ్లసందున రాలినది. రెండవది పెంకువలె విరిగినది.

అన్నియు సవ్యముగనే జరిగెనని చెప్పరాదు. ఎండలు ముదిరిన పిమ్మట బెండ ఆకుల యీనెలు పసుపుపచ్చబడసాగెను. అది పల్లాకు తెగులు. తెల్లదోమ దానిని మొక్కనుండి మొక్కకు చేర్చును. పట్టిన మొక్కకు మందు లేదు. గట్టుకావలి రైతు పురుగుమందు కొట్టుచుండెను. బాబాయిగారు పసుపురంగు అట్టలకు జిగురు పూసి కట్టిరి, వేపగింజల కషాయము చల్లిరి, పట్టిన మొక్కలను పీకి దూరముగా పాతిపెట్టుడని మాకు చెప్పిరి. నాలుగు దినములలో 212 మొక్కలు పీకితిమి. పెక్కింటికి పిందెలుండెను. పిన్నిగారు గట్టుపైనుండి ఆ మోపులను చూచి యేమియు ననక, ఆ సాయంకాలము చిట్టా పుస్తకము తీసి లెక్క వ్రాసికొనిరి.

ఆ చిట్టా పుస్తకమును మేమును చూచితిమి. ఎరువులకు, మందులకు ఖర్చు స్వల్పము. కలుపు కూలి యెక్కువ. సంతలో వారి బెండకాయకును ఇతరుల బెండకాయకును ఒకటే ధర. ఏలయన సర్టిఫికెట్టు లేదు. చిన్నరైతులకై కేంద్రప్రభుత్వము నడుపు పి.జి.యస్. అను పద్ధతిలో కనీసము ఐదుగురు రైతులు సంఘముగా చేరి, ఒకరి చేను నొకరు తనిఖీ చేసికొందురు. ఏడాది పంటల చేను పూర్తిగా మారినట్లెన్నుటకు 24 నెలలు పట్టును. బాబాయిగారి సంఘము 2022 ఫిబ్రవరిలో నమోదైనది గనుక, నేల మూడేండ్లనుండి మారుచున్నను కాగితముపై లెక్క అప్పటినుండియే.

కౌలు కాగితమన్ననో మఱియొక లెక్క. 2019లో ఆంధ్రప్రదేశమున చేయబడిన పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము యజమానియు కౌలుదారును వ్రాసికొను ఒప్పందము 11 నెలలకు. యజమాని సంతకము పెట్టినగాని కౌలుదారునికి కార్డు రాదు. కార్డు లేనిచో పంటఋణమును, నష్టపరిహారమును పొందుట దుర్ఘటము. తమ హక్కునకు భంగము లేదని చట్టము చెప్పుచున్నను, సంతకము పెట్టినచో భూమి పోవునను భయము యజమానులను వీడలేదు. బాబాయిగారికి మూడేండ్లలో ఒక్కసారియు సంతకము దొరకలేదు. 24 నెలలకుగాని మారని నేలను 11 నెలల కాగితముపై మార్చుమనుటలోని న్యాయము మాకు బోధపడలేదు. ఆ కాగితమైనను లేనివానిమాట చెప్పనేల?

మే 28వ తేదీ ఆదివారమున యజమానిగారు పట్టణమునుండి వచ్చిరి. ఉద్యోగవిరమణ చేసిన వృద్ధులు, మృదుభాషి. ఆయనను దుర్మార్గునిగా చిత్రించుట మా యుద్దేశము కాదు. బాబాయిగారు ముందుగా ఆయనను చేనిలోనికి తోడుకొనిపోయి, పారతో ఒక పెళ్ల తీసి చేతిలో పెట్టిరి. నేల యెట్లు మారినదో కన్నులార చూచినయెడల మఱి మూడేండ్లకు కాగితము వ్రాసియిత్తురని వారి యాశ. ఆయన మట్టిని నలిపి, వాసన చూచి, నిజముగనే సంతోషించిరి. పిదప పాకలో మంచముపై కూర్చుండి మజ్జిగ త్రాగి, "మంచి భూమిని చేశావయ్యా. ఇప్పుడు దీనికి ఎకరానికి నలభై వేలిస్తామని వస్తున్నారు" అనిరి. అప్పటివరకు కౌలు ఎకరమునకు 25 వేలు.

కొంతసేపెవ్వరును మాటాడలేదు. తుదకు మామ్మగారు, "ఆ మంచి చేసిందెవరు బాబూ?" అని యడిగిరి. "కాదనటం లేదమ్మా" అని యజమానిగారు తలవంచుకొని, తమ కుమార్తె వైద్యమునకు సొమ్ము కావలసియున్నదనియు, పింఛను చాలదనియు చెప్పిరి. అదియు నిజమే కావచ్చును. మేము గోడవార నిలిచి వినుచుండిన నలుగురమును ఎవరి పక్షము వహింపవలెనో తెలియక ఆవులకు నీరు పెట్టబోయితిమి.

ఆ రాత్రి పిన్నిగారు దీపముక్రింద లెక్క వేసిరి. సంత ధరకు బెండకాయ లమ్మి మూడెకరములకు 1,20,000 రూపాయలు కట్టుట పొసగదు. మఱి మూడు దినములు ఫోనులో బేరము నడచెను. ఇంటివైపు ఎకరమున్నర, బోరుతో సహా, ఎకరము 35 వేలకు వీరికి నిలిచినది. రోడ్డువైపు ఎకరమున్నర పొగాకు రైతున కీయబడినది. జూన్ నెలాఖరున అప్పగింపవలెను. సంతకపు మాట వచ్చినప్పుడు యజమానిగారు తరువాత చూతమనిరి.

అప్పటికే మేము విత్తనములు సిద్ధము చేసియుంటిమి. తొలకరికి ముందే పొడినేలలో పలురకముల గింజలు కలిపి చల్లి, గడ్డి పఱచి కప్పుదురు. అవి మొలచి వేసవి చివర నేలకు పచ్చని కప్పగును. జొన్న, సజ్జ, అలసంద, పెసర, మినుము, కంది, నువ్వు, ఆముదము, జనుము, జీలుగ. వీనికి బీజామృతము, బంకమన్ను, బూడిద పట్టించి గుళికలవలె ఆరబెట్టుట రెండు దినముల పని. గింజలు మూడెకరములకు సరిపడునంత యుండెను. పిన్నిగారు, "పోయే చేనికి విత్తనాలెందుకండీ?" అని యడిగిరి. బాబాయిగారు, "మన్ను పట్టించిన గింజ నిలవుండదు. పైగా పొగాకు ధర పడిపోతే మళ్లీ మనకే రావచ్చు" అనిరి. పిన్నిగారు నవ్వలేదు, అడ్డుచెప్పనులేదు. జూన్ 1, 2 తేదీలలో రోడ్డువైపు చేనిలోను, ఇంటివైపు చేనిలోను సమముగనే చల్లితిమి.

జూన్ 8వ తేదీని సెలవు పుచ్చుకొంటిమి. మామ్మగారు నలుగురికిని తలా ఒక పొట్లము బెండ విత్తనములిచ్చి, వచ్చే వేసవికి రమ్మనిరి. ఆ యేడు వానలు ఆలస్యముగా వచ్చినవి. ఆగస్టులో మా యుపాధ్యాయులవారి ద్వారా సమాచారము తెలిసినది. రోడ్డువైపు చేనిలో జొన్నయు జనుమును నడుము లోతు పెరుగగా, కొత్త కౌలుదారు ట్రాక్టరుతో దున్నించి, పచ్చిరొట్ట ఊరకనే దొరికెనని సంతోషించెనట. ఇంటివైపు దానిని బాబాయిగారు కోసి పఱచి, బెండయు గోరుచిక్కుడును వేసిరి. సంఘపు పుస్తకములో వారి పేరి కెదుట మూడెకరములని యుండినదానిని కొట్టివేసి ఒకటిన్నర యని దిద్దిరి. సర్టిఫికెట్టునకు ఇంకను ఆరు నెలలు కావలసియుండెను.